గాయపడిన మనిషిలో నర్సు ముందుగా చూడవలసినవి

కర్నూలు మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పోతున్నందువల్ల, ఇక్కడ క్యాజువాల్టీకి 108లో వచ్చేవారిలో రోడ్డు ప్రమాద బాధితులు తరచూ ఉంటారు. విరిగి వంకరపోయిన కాలే అందరికీ కనబడుతుంది. బంధువులు కూడా "ముందు కాలు చూడండి సిస్టర్" అని ప్రాధేయపడతారు. అయినా, ధారగా కారే రక్తాన్ని ఒత్తిపట్టి ఆపిన వెంటనే, మెడ కదలనివ్వకుండా శ్వాసమార్గాన్ని, ఆపై ఊపిరిని, రక్తప్రసరణను, స్పృహను వరుసగా పరీక్షించాలి. స్పృహ ఎంత ఉందో అంకెల్లో చెప్పే గ్లాస్గో కోమా స్కోరు 8 లేదా అంతకన్నా తక్కువైతే, శ్వాసనాళంలో గొట్టం వేసేందుకు కావలసినవన్నీ సిద్ధం చేసుకోవాలి.

బీపీ బాగుందన్న ధీమా పనికిరాదని నా గట్టి అభిప్రాయం. వయసులో ఉన్నవారి శరీరం చాలా రక్తం పోయేదాకా బీపీని నిలబెట్టుకొస్తుంది. నాడి వేగం పెరగడం, చేతులు చల్లబడి చెమటపట్టడం, గోరు నొక్కి వదిలాక 2 సెకన్లు దాటినా ఎరుపు తిరిగి రాకపోవడం, మనిషి కుదురుగా ఉండలేక గింజుకోవడం అంతకుముందే ప్రమాదాన్ని తెలియజేస్తాయి. తొడ ఎముక ఒక్కటి విరిగినా లీటరుకు పైగా రక్తం పైకి కనబడకుండా కండరాల్లోనే చేరవచ్చు. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్జామిక్ యాసిడ్‌ను గాయమైన 3 గంటల్లోపే మొదలుపెట్టాలి కనుక, ప్రమాదం జరిగిన వేళను 108 సిబ్బందిని అడిగి కేసుషీటులో రాయడం అత్యవసరం.

బట్టలు కత్తిరించి వీపుతో సహా పరీక్షించాక, మన ఏప్రిల్ ఎండల్లోనైనా సరే, దుప్పటి కప్పాలి. శరీరం చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు. కాలికి బద్ద కట్టడానికి ముందూ, కట్టిన తర్వాతా పాదం మీది నాడిని తాకి చూసి నమోదు చేయాలి.