మామిడిపండు తూకం

సత్యనారాయణపురంలో ఇవాళ పదింటికల్లా రోడ్డు మీద మనిషి లేడు. ఈ ఎండల్లోనే అక్క కొడుకు సెలవులకి గుంటూరు నుంచి వచ్చాడు. జూన్‌లో ఎనిమిదో తరగతి. వాడికి టైప్ వన్ షుగర్.

వాడొచ్చే ముందు నేను చేసే పని ఫ్రిజ్‌లో చోటు చూడటం. కొత్త ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పొరపాటున ఫ్రీజర్‌లో గడ్డకట్టిందా, పారేయడమే. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను (పెన్నులా ఉండే ఇంజెక్షన్) బయట ఉంచుకోవచ్చు, వేడి తగలకూడదంతే. మే నెలలో మా ఇంట్లో అలాంటి చోటెక్కడుంది? తడిగుడ్డ చుట్టిన మట్టిముంతలో పెట్టుకున్నాడు.

పొద్దున టిఫిన్ దగ్గర మామిడిపండు గొడవ. అమ్మ నూజివీడు రసాలు తెప్పించింది. వాడు మాత్రం బంగినపల్లే కావాలన్నాడు. రసం పిండుకుని తింటే ఎంత తిన్నాడో తేలదట. బంగినపల్లి ముక్కలైతే తూకం వేసుకోవచ్చు. 100 గ్రాముల ముక్కల్లో పిండిపదార్థం సుమారు 15 గ్రాములు. మా ఇడ్లీ ఒక్కోటి 12 అనుకున్నాడు, మూడింటికి 36. మొత్తం 51. వాడి డాక్టరు వాడికి చెప్పింది 10 గ్రాములకి ఒక యూనిట్ ఇన్సులిన్ (ఇంకో పిల్లాడికి ఈ లెక్క పనికిరాదు). వేలు గుచ్చి రక్తంలో చక్కెర చూసుకున్నాడు, 118. ఐదు యూనిట్లు పొట్టకి పొడుచుకుని తినడం మొదలుపెట్టాడు. రాత్రి వేసుకునే ఇంజెక్షన్ వేరే, అది రోజంతా నెమ్మదిగా పనిచేసేది.

సరిగ్గా అప్పుడే ఎదురింటి పిన్నిగారు వచ్చారు. "అయ్యో, షుగరున్న పిల్లాడికి మామిడిపండు పెడుతున్నారా! చిన్నప్పుడు స్వీట్లు ఎక్కువ పెట్టుంటారు, అందుకే ఇలా" అన్నారు. అంతటితో ఆగలేదు. ఇన్సులిన్ అలవాటైతే ఇక వదలదట, కషాయం ఇచ్చే ఆయనెవరో తెనాలిలో ఉన్నాడట.

మనిషి మంచిదే. కానీ నాకు మామూలు జబ్బుల కంటే ఈ మంచి సలహాలంటేనే భయం. అందుకే కూర్చోబెట్టి చెప్పాను. ఇది స్వీట్ల వల్ల వచ్చింది కాదండీ. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తే దారితప్పి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేసింది. పెద్దవాళ్లకి ఎక్కువగా వచ్చే షుగర్‌లో ఇన్సులిన్ ఎంతో కొంత ఉంటుంది, సరిగా పనిచేయదు. వీడికి దాదాపు తయారే కాదు. అలవాటు మాట పక్కన పెట్టండి, అది లేకపోతే బతుకే లేదు. మానేస్తే ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంది, రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుంటాయి, వాంతులు, ఆయాసం, ఒక్కోసారి ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. మాత్రగా మింగుదామంటే కడుపులో అరిగిపోతుంది, అందుకే సూది.

"మరి పూర్వం?" అన్నారు. పూర్వం పిల్లలు బతికేవాళ్లు కాదు. తిండి తగ్గించి, పస్తులుంచి కొన్నాళ్లు లాక్కొచ్చేవాళ్లు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ తీశారు. 1922 జనవరిలో మొదటగా వేసింది 14 ఏళ్ల కుర్రాడికే. ఆవిడ వీడి వంక ఒకసారి చూసి, తెనాలి సంగతి మళ్లీ ఎత్తలేదు.

సాయంత్రం వీధిలో క్రికెట్ ఆడొచ్చి చెమటలతో గుమ్మంలో కూలబడ్డాడు. ఎండకేమో అనుకుంది అమ్మ. చేతులు వణుకుతున్నాయి, చిరాకు పడుతున్నాడు. చూస్తే 62. 70 దిగితే ఆగకూడదు. మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించాం. పావుగంట తర్వాత మళ్లీ చూస్తే 94. అమ్మ చాక్లెట్ తెచ్చింది గానీ, అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా వెళ్తుందని వాడే వద్దన్నాడు. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, ఆసుపత్రికే. ఇది అమ్మకి రెండుసార్లు చెప్పాను, ఎందుకంటే రేపు నేను ఆఫీసుకెళ్తే ఇంట్లో ఉండేది తనే.

పడుకోబోయే ముందు 146. రేపు పెసరట్టు ఉప్మా కావాలట. పెసరట్టుకి లెక్క వాడికి తెలుసు, ఉప్మా గిన్నెకెంతో అక్కకి ఫోన్ చేసి అడగాలి.