రెండు కిలోల కీబోర్డు, డెబ్బై రూపాయల కన్వర్టర్

బెంగళూరు చిక్కపేట దగ్గర బీవీకే అయ్యంగార్ రోడ్డులో ఆదివారం సంత జరుగుతుంది. అక్కడ పాత ఫ్యాన్ల కుప్ప కింద ఐబీఎం మోడల్ ఎం కీబోర్డు, అంటే మీట నొక్కితే "టక్" మనే పాతకాలం కంప్యూటర్ కీబోర్డు, కనబడింది. ఎత్తి చూస్తే రెండు కిలోలకు తగ్గదు. వెనక చీటీ మీద 1989 అని ఉంది. నేను తెలుగులో గొణుక్కుంటుంటే అమ్మేవాడూ తెలుగులోకి దిగి, "ఇనుము రేటుకే ఇస్తున్నా సార్" అన్నాడు. ఏడొందలకు తెగింది. ఇంటికి తెచ్చాక, హిందూపురం నుంచి వచ్చివున్న అమ్మ "ఉన్న చెత్త చాలదా?" అంది.

ఫొటో తీసుకుని మీటలన్నీ పీకాను. అడుగున జుట్టు, బిస్కెట్ పొడి, ఎండిపోయిన ఒక బొద్దింక. మీటల్ని గోరువెచ్చని నీళ్లలో, గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలేసి రాత్రంతా నానబెట్టాను. ఇవి పీబీటీ ప్లాస్టిక్, పసుపెక్కవు. అక్షరాల రంగు ప్లాస్టిక్‌లోకే ఇంకి ఉంటుంది కాబట్టి బ్రష్షుతో ఎంత తోమినా చెరగదు. మిద్దె మీద పాత చీర పరిచి ఆరబోస్తే, పక్కింటావిడ వడియాలనుకుంది.

డొక్క విప్పడమే ఇబ్బందైంది. నాలుగు స్క్రూలూ లోతైన బొక్కల్లో ఉన్నాయి, మామూలు స్క్రూడ్రైవర్‌కు అందవు. 5.5 మి.మీ. నట్ డ్రైవర్, అంటే స్క్రూ తలను బయటి నుంచి పట్టి తిప్పే గొట్టం లాంటి పనిముట్టు, కావాలి. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో మొదట కొన్నది గొట్టం గోడ మందంగా ఉండి బొక్కలో దూరలేదు. మళ్లీ వెళ్లాను.

మీటలు తిరిగి పెట్టేటప్పుడు కీబోర్డును నిలువుగా నిలబెట్టాలి. లేకపోతే లోపలి స్ప్రింగు ఒక పక్కకు వాలి, మీట "టక్" మనదు. నొక్కినప్పుడు ఆ స్ప్రింగు ఠపీమని వంగి కింది చిన్న సుత్తిని పడగొడుతుంది. ఆ చప్పుడు కోసమే కదా ఇంత అవస్థ!

అంతా బిగించి, దాని గుండ్రటి పాత ప్లగ్గును యూఎస్‌బీకి మార్చే డెబ్బై రూపాయల ఊదారంగు కన్వర్టర్‌తో ల్యాప్‌టాప్‌కు పెట్టాను. ఒక్క అక్షరం పడలేదు. నీళ్లు లోపలికి పోనివ్వలేదే! మూడు రాత్రులు టెన్షన్. ఇక వెనక ప్లాస్టిక్ రివెట్లు కోసేసి, మీట నొక్కుడును పట్టుకునే లోపలి పొర బయటికి తీయాల్సిందే అనుకుని సన్నని డ్రిల్ బిట్ కూడా కొన్నాను. కోస్తే మళ్లీ అతకవు, ఒక్కోదానికీ బోల్టు వేసుకోవాలి.

మొదలుపెట్టే ముందు ఎందుకో ఆఫీసులో మూలనున్న పాత డెస్క్‌టాప్ గుర్తొచ్చింది. దానికి పాత కీబోర్డులు నేరుగా తగిలించే గుండ్రటి పీఎస్/2 పోర్టు ఉంది. మిషన్ ఆపి, తగిలించి, ఆన్ చేశాను. 101 మీటలూ పనిచేశాయి! ఊదారంగు ముక్కలో ఉన్నవి ఉత్త తీగలే. యూఎస్‌బీ మాట కూడా తెలిసిన కీబోర్డులకే అది సరిపోతుంది. దీనికి ఆ భాష రాదు, మధ్యలో చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. అది కొనడంతో పని తీరింది. డ్రిల్ బిట్ అలాగే ఉంది.

చప్పుడు విని అమ్మ వంటింట్లోంచి వచ్చింది. పెళ్లికి ముందు టైపు లోయర్ పాసైన మనిషి. "లే అవతలికి" అని కూర్చుని, చూడకుండానే ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె అని నాలుగు వరుసలు కొట్టింది.