డబ్బు కట్టి కొన్న బటన్‌కి తాళం పడింది

పోయిన నెల ఒక రాత్రి పన్నెండున్నరకి ఫోన్ గుయ్యిమంది. కాల్ కాదు, సర్వర్ నుంచి అలర్ట్, డిస్క్ 96 శాతం నిండిందట. నేను అప్పటికే దుప్పటి కప్పుకుని పడుకున్నా, లాప్‌టాప్ ఏమో అవతలి గదిలో బ్యాగులో ఉంది, లేవాలంటే ప్రాణం ఒప్పలేదు, అయినా ఇలాంటప్పటి కోసమే కదా ఫోన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ యాప్ (దూరంగా ఉన్న సర్వర్‌లోకి భద్రంగా వెళ్ళి కమాండ్లు కొట్టే యాప్) పెట్టుకుంది అనుకుని అదే ఓపెన్ చేశా.

చూస్తే నా సర్వర్ల లిస్టులో సగం పేర్ల పక్కన బుల్లి తాళం బొమ్మలు. నొక్కితే రంగురంగుల పేజీ ఒకటి వచ్చి ప్రోకి అప్‌గ్రేడ్ అవ్వండి అంటోంది. అరే, నేను ప్రోనే కదా, ఆరేళ్ళ కిందట ఒక్కసారి కడితే జీవితాంతం అని రాసి ఉంటే కట్టా కదా! కింద చిన్న అక్షరాల్లో రీస్టోర్ పర్చేజ్ అని ఉంది, నొక్కా, చక్రం తిరిగింది, తిరిగింది, చివరికి కొనుగోళ్ళు ఏవీ దొరకలేదు అంది. స్టోర్‌లో ఆర్డర్ హిస్టరీ తీసి చూస్తే రసీదు నిక్షేపంలా ఉంది, తారీఖుతో సహా. రసీదు ఉంది, సరుకు లేదు. ఇక చేసేదేం లేక లేచి లాప్‌టాప్ తెచ్చుకున్నా.

డిస్క్ సంగతి కూడా చెప్పేస్తా, లేకపోతే అడుగుతారు. ఎప్పుడో డీబగ్ లాగింగ్ (జరిగే ప్రతి చిన్న పనినీ ఫైల్లో రాయడం) ఆన్ చేసి మర్చిపోయా, ఆ లాగ్ ఫైలు ఉబ్బిపోయింది. నిద్రమత్తులో దాన్ని డిలీట్ చేశా, అయినా డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ కొడితే అదే 96. ఫైలుని ప్రాసెస్ ఇంకా పట్టుకుని ఉంటే పేరు పోతుంది గానీ జాగా ఖాళీ అవ్వదు, సర్వీస్ రీస్టార్ట్ చేస్తేనే వదులుతుంది. ఇది నాకు తెలియని విషయమేం కాదు, రాత్రి ఒంటిగంటకి మాత్రం తెలియలేదు.

మర్నాడు డెవలపర్‌కి మెయిల్ పెట్టా, రసీదు స్క్రీన్‌షాట్ జత చేసి. జవాబు లేదు. వారం తర్వాత ఇంకోటి పెట్టా, అదీ అంతే. స్టోర్ వాళ్ళని అడిగితే ఇన్నేళ్ళ తర్వాత మేమేం చేయలేం, డెవలపర్‌నే అడగండి అన్నారు. ఆ డెవలపరే పలకట్లేదు మహాప్రభో అని కదా మీ దగ్గరికి వచ్చింది.

ఇది ఎలా జరుగుతుందా అని కొంచెం తవ్వా. మామూలుగా ఒకసారి కట్టి కొన్న ఫీచర్ మన స్టోర్ అకౌంట్‌కి అతుక్కుని ఉంటుంది, యాప్ తెరిచినప్పుడు ఇతను కొన్నాడా అని స్టోర్‌ని అడుగుతుంది, అవును అంటే తాళం తీస్తుంది. కానీ చాలా యాప్‌లు మధ్యలో తమ సొంత సర్వర్ ఒకటి, సొంత లాగిన్ ఒకటి పెడతాయి. ఆ సర్వర్ మూతపడినా, యాప్ చేతులు మారినా, వన్ టైమ్ నుంచి నెలవారీ చందాకి మారినా, మన రసీదుని గుర్తుపట్టే నాథుడుండడు. దీనికి తోడు ఆండ్రాయిడ్‌లో ప్లే బిల్లింగ్ లైబ్రరీ అని ఒకటుంది, దాని ప్రతి పెద్ద వెర్షన్‌కీ ఆయుష్షు రెండేళ్ళు, ఆ తర్వాత దానితో కొత్త అప్‌డేట్ పెట్టనివ్వరు, అంటే డెవలపర్ ఏ కొత్త ఫీచరూ కలపకపోయినా ఊరికే బతికి ఉండటానికే పని చేస్తూ ఉండాలి. నిజం చెప్పాలంటే నాకు ఆ డెవలపర్ మీద కోపం ఎంతుందో జాలీ అంతే ఉంది, ఒక్కసారి తీసుకున్న డబ్బుతో జీవితాంతం చాకిరీ ఎవరు చేస్తారు చెప్పండి. కానీ జీవితాంతం అని రాసింది నేను కాదుగా.

ప్రో పోవడం కంటే నన్ను బాగా మండించింది ఇంకోటి. పోయిన ఫీచర్ల లిస్టు చూసుకుంటే స్నిపెట్లు (దాచుకున్న కమాండ్లు), జంప్ హోస్ట్ (మధ్యలో మెట్టులా వాడే ఇంకో సర్వర్) ద్వారా కనెక్ట్ అవ్వడం, క్లౌడ్ సింక్, ఇంకా ఎక్స్‌పోర్ట్. అవును, ఎక్స్‌పోర్ట్ కూడా ప్రోలోనే! అంటే ఇల్లు ఖాళీ చేద్దామంటే సామాను బయటికి తీసుకెళ్ళడానికి కూడా అద్దె బాకీ కట్టాలి. నా ప్రైవేట్ కీ, అంటే పాస్‌వర్డ్ బదులు సర్వర్ తలుపు తీసే రహస్య ఫైలు, ఆ యాప్‌లోనే పుట్టింది, అందులోనే ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు. కొన్న రోజు ఇదంతా ఎంత సౌకర్యంగా అనిపించిందో.

అసలు నవ్వొచ్చే సంగతేంటంటే నేను డబ్బు కట్టి కొన్నవాటిలో ముప్పాతిక వంతు ఊరికే దొరికేవే. ఎస్‌ఎస్‌హెచ్ పుట్టిందే 1995లో, ఫిన్లాండ్‌లో టాటు యూలోనెన్ అనే ఆయన తన యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డులు దొంగిలిస్తుంటే కూర్చుని రాశాడు. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళు దాని ఉచిత రూపం ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ తెచ్చారు, ఇప్పుడు లోకమంతా దాని మీదే నడుస్తోంది, పైసా అడగరు. నేను అంత గొప్పగా కొనుక్కున్న జంప్ హోస్ట్ ఫీచర్ దాంట్లో 2016 నుంచీ ప్రాక్సీజంప్ అనే ఒక్క లైను, కాన్ఫిగ్ ఫైల్లో రాసుకుంటే అయిపోతుంది. నేను కొన్నది అద్దం మాత్రమే, దాని వెనకున్న బొమ్మ ఎప్పుడూ ఉచితమే.

సరే, కొత్త యాప్ వెతకాలి. ఈసారి స్టార్ రేటింగులు చూడలేదు, ముందు చూసింది చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చిందని. ఇది ఊరికే చాదస్తం కాదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 2018లో 7.8 వెర్షన్‌తో ప్రైవేట్ కీ ఫైలు ఫార్మాట్ మార్చింది, పాత యాప్‌లు కొన్ని ఆ కొత్త ఫైల్ ఇస్తే చదవలేక నోరెళ్ళబెడతాయి. 2021లో 8.8 వచ్చి షా1 అనే పాత, బలహీనమైన లెక్కతో చేసే ఆర్‌ఎస్‌ఏ సంతకాలని (కీ మనదేనని రుజువు చేసేవి) డిఫాల్ట్‌గా ఆపేసింది, దాంతో నిన్నటిదాకా బాగా కనెక్ట్ అయిన యాప్ సర్వర్ అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు కీ తప్పు అంటుంది, మనం కీ మార్చి మార్చి చస్తాం, కీలో ఏ తప్పూ ఉండదు, యాప్‌కి కొత్త సంతకం పెట్టడం రాదు అంతే. 2023 డిసెంబర్‌లో టెర్రాపిన్ అనే దాడి బయటపడింది, దానికి సర్వర్, క్లయింటు రెండు వైపులా మార్పు కావాలి. కాబట్టి రెండేళ్ళుగా ముట్టుకోని ఎస్‌ఎస్‌హెచ్ యాప్ ఎంత అందంగా ఉన్నా నేను దండం పెట్టి పక్కకి జరుగుతా.

కనెక్ట్‌బాట్ అని ఆండ్రాయిడ్‌లో మొదటినుంచీ ఉన్న యాప్, ఓపెన్ సోర్స్, పోర్ట్ ఫార్వర్డింగ్ (ఎస్‌ఎస్‌హెచ్ దారిలోనే వేరే ప్రోగ్రామ్‌ల డేటా పంపడం) ఉచితంగానే ఉంది. చూడటానికి సాదాసీదాగా ఉంటుంది, నాకు అదే నచ్చింది. టెర్మియస్ ఫోన్లోనూ కంప్యూటర్లోనూ ఒకేలా ఉంటుంది, చూడముచ్చటగా ఉంటుంది, కానీ డివైజుల మధ్య సింక్ కావాలంటే చందా కట్టాలి, ఒకసారి చెయ్యి కాలినవాడిని కదా, సింక్ అనే మాట వింటేనే వెనక్కి జరిగా. ఐప్యాడ్‌లోకి బ్లింక్ వేసుకున్నా, దాని సోర్స్ కూడా బయటే ఉంది, మాష్ (నెట్‌వర్క్ మారినా తెగని కనెక్షన్, కింద చెప్తా) సపోర్ట్ ఉంది. ఐఓఎస్‌లో యాప్ వెనక్కి వెళ్ళిన కాసేపటికే సిస్టమ్ దాన్ని నిద్రపుచ్చేస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ గోవిందా, దీనికి బ్లింక్ వాళ్ళు జియో అనే కమాండ్ పెట్టారు, అది కొడితే లొకేషన్ ట్రాక్ చేస్తున్నానన్న వంకతో యాప్ మేలుకుని ఉంటుంది. నేను ఎక్కడున్నానో దానికి అక్కర్లేదు, నిద్రపోకుండా ఉండటానికో సాకు కావాలి. ఈ తెలివికి మాత్రం ముచ్చటేసింది.

చివరికి ఫోన్లో నేను స్థిరపడింది టెర్మక్స్‌లో. అది ఎస్‌ఎస్‌హెచ్ యాప్ కాదు అసలు, ఫోన్లో ఒక చిన్న లినక్స్ వాతావరణం, అందులో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకుంటే లాప్‌టాప్‌లో ఉన్న ఎస్‌ఎస్‌హెచ్చే ఇక్కడా, అదే కాన్ఫిగ్ ఫైలు కాపీ చేస్తే అదే ప్రాక్సీజంప్ లైను పనిచేస్తుంది. ఎఫ్‌డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్ నుంచి వేసుకున్నా, అక్కడిదీ ప్లే స్టోర్‌దీ వేరు వేరు సంతకాలతో వస్తాయి కాబట్టి ఒకదాని మీద ఇంకోటి ఎక్కదు, మార్చాలంటే తీసేసి వేసుకోవాల్సిందే, తీసేస్తే లోపలున్నవన్నీ పోతాయి, ఇది ముందే తెలుసుకుని మొదలెట్టండి. ఆండ్రాయిడ్ 12 నుంచి ఇంకో తలనొప్పి ఉంది, యాప్‌లన్నీ కలిపి పెట్టుకున్న పిల్ల ప్రాసెస్‌లు 32 దాటితే సిస్టమ్ చంపడం మొదలెడుతుంది, స్క్రీన్ మీద సిగ్నల్ 9 అని కనిపిస్తే ఎవరి పనో అర్థం చేసుకోవచ్చు. నోటిఫికేషన్లో వేక్‌లాక్ అని బటన్ ఉంటుంది, అది నొక్కి, బ్యాటరీ ఆప్టిమైజేషన్ నుంచి మినహాయింపు ఇస్తే ఫోన్ పక్కన పెట్టినా సెషన్ నిలబడుతుంది. బ్యాటరీ కాస్త తింటుంది మరి.

వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినప్పుడు సెషన్ గడ్డకట్టుకుపోవడం మాత్రం ఏ యాప్ వేసినా తప్పదు, ఎస్‌ఎస్‌హెచ్ టీసీపీ అనే పద్ధతి మీద నడుస్తుంది, ఐపీ (నెట్‌లో ఫోన్ చిరునామా) మారితే ఆ తీగ తెగినట్టే. దీనికి మందు మాష్. 2012లో ఎంఐటీ నుంచి వచ్చింది, ముందు ఎస్‌ఎస్‌హెచ్‌తోనే లోపలికి వెళ్ళి తర్వాత యూడీపీ అనే ఇంకో పద్ధతిలోకి మారుతుంది, ఐపీ మారినా పట్టించుకోదు, మనం టైప్ చేసిన అక్షరం సర్వర్ నుంచి తిరిగి వచ్చేదాకా ఆగకుండా ఊహించి ముందే చూపిస్తుంది. సర్వర్ ఫైర్‌వాల్‌లో 60000 నుంచి 61000 దాకా ఉన్న యూడీపీ పోర్టుల్లో కొన్నైనా తెరవాలి, నేను ఇది మర్చిపోయి గంటసేపు యాప్‌ని తిట్టా. ఇంకోటి, మాష్ కనిపించే స్క్రీన్ వరకే పంపుతుంది, పైకి జరిపి పాతది చూద్దామంటే ఉండదు, అందుకని అవతల సర్వర్లో టీమక్స్ (కనెక్షన్ పోయినా సెషన్‌ని బతికించి ఉంచే ప్రోగ్రామ్) పెట్టుకోవాలి. టీమక్స్ ఉంటే ఫోన్ నీళ్ళలో పడ్డా సర్వర్లో నడుస్తున్న పని ఆగదు, లాప్‌టాప్ నుంచి వచ్చి అక్కడే అందుకోవచ్చు.

కీబోర్డు గురించి చెప్పకపోతే ఎలా. టెర్మక్స్‌లో వాల్యూమ్ తగ్గించే బటనే కంట్రోల్ కీ, అది పట్టుకుని సీ కొడితే నడుస్తున్న కమాండ్ ఆగుతుంది. మొదటి రెండు రోజులు పాటలు వింటూ కంట్రోల్ కోసం తడుముకున్నా, ఇప్పుడు వేరే యాప్‌లో కాపీ చేయాలన్నా వేలు వాల్యూమ్ మీదకే పోతోంది. పోయిన స్నిపెట్ల బదులు కమాండ్లు కొన్ని ఐప్యాడ్లో నోట్స్‌లో రాసుకున్నా చూడండి, అది ఇంకో కథ. జర్నల్ లాగులు కుదించే కమాండ్ అక్కడ నుంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే ఎర్రర్, మళ్ళీ చేస్తే మళ్ళీ ఎర్రర్, అక్షరం అక్షరం చదివినా తప్పు కనపడదు. అరగంట తర్వాత జూమ్ చేసి చూస్తే రెండు మైనస్ గీతలు ఉండాల్సిన చోట ఒక్క పొడుగాటి గీత ఉంది. స్మార్ట్ పంక్చుయేషన్ అని ఒక సెట్టింగ్, మనం రెండు గీతలు కొడితే కలిపి ఒకటి చేస్తుంది, వ్యాసాలు రాసేవాళ్ళకి బాగుంటుందేమో. ఆఫ్ చేశా, కానీ అప్పటికే రాసుకున్నవన్నీ కూర్చుని ఒక్కొక్కటీ దిద్దాల్సి వచ్చింది.

ఆ దెబ్బతో కమాండ్లు యాప్‌లోనూ వద్దు, నోట్స్‌లోనూ వద్దని సర్వర్లోనే అలియాసులుగా (కమాండ్లకి పొట్టి పేర్లుగా) రాసేసి ఒక గిట్ రిపోలో (ఫైళ్ళ మార్పులన్నీ దాచే చోట) పెట్టా, ఏ సర్వర్‌లోకి వెళ్ళినా రెండు మూడు అక్షరాలు కొడితే చాలు, బొటనవేళ్ళకి కూడా హాయి. కీలు కూడా డివైజుకొకటి చేసుకున్నా, ఈడీ25519 రకం, ప్రతి పబ్లిక్ కీ (సర్వర్‌కి ఇచ్చే జోడీ కీ) చివర్లో ఏ ఫోనో ఏ ఐప్యాడో పేరు రాసి పెట్టా, రేపు ఫోన్ పోతే, ఏ కీలని రానివ్వాలో సర్వర్లో రాసి ఉండే ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో ఆ ఒక్క లైను తీసేస్తే సరిపోతుంది. పాత యాప్ కీ ఉన్న లైన్లన్నీ ఒక్కో సర్వర్లోకి వెళ్ళి తీసేసుకుంటూ వచ్చా, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటి అన్నయ్య వాళ్ళింట్లో ఉన్న రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్, నా బ్యాకప్‌లు దాంట్లోకి వెళ్తాయి. పాస్‌వర్డ్ లాగిన్ నేనే ఆపేశా, భద్రత అని. లాప్‌టాప్ కీ ఎక్కించలేదు, బద్ధకం. దాని తాళం ఆ పాత యాప్ దగ్గర మాత్రమే ఉంది, బయట నుంచి వెళ్ళాలంటే జంప్ హోస్ట్ మీదుగా వెళ్ళాలి, జంప్ హోస్ట్ ఏమో ప్రో. అన్నయ్యకి ఫోన్ చేసి విషయం చెప్తే "ఒరేయ్, ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది కదరా, ఇంకేం కావాలి నీకు" అన్నాడు. వాళ్ళింటికి వెళ్తే వాళ్ళ వైఫై మీద నేరుగా కనెక్ట్ అవ్వొచ్చు, దానికి ప్రో అక్కర్లేదు, కొత్త కీ ఒక్క లైను అతికించి రావడమే పని. వెళ్ళడానికి ఇంకా కుదరలేదు. అందుకని ఆ యాప్ ఇంకా నా ఫోన్లోనే ఉంది, తీసేస్తే లోపలున్న కీ కూడా పోతుందని భయం, నిన్ననే నోటిఫికేషన్ పంపింది, పాత కస్టమర్లకి ప్రో మీద ప్రత్యేక తగ్గింపు అట.