పచ్చ గడిలో రొయ్య

మా ఫ్రిజ్ తలుపు మీద రెండేళ్ల పాటు ఒక రక్తపరీక్ష ఫలితాల కాగితం అంటించి ఉండేది. ఎర్ర గడిలో 23 పదార్థాలు: బియ్యం, పాలు, పెరుగు, కందిపప్పు, వేరుసెనగ, గుడ్డు, టమాటా, ఇంకా ఏవేవో. అవి ముట్టకూడదు. పచ్చ గడిలో ఉన్నవి నిశ్చింతగా తినవచ్చు. రొయ్యలు పచ్చ గడిలో ఉన్నాయి. ఆ కాగితానికి నేను 9,000 రూపాయలు కట్టాను.

నాకు ఏడో ఏట నుంచి ఉబ్బసం. మాది భీమవరం దగ్గర పల్లె, ఇప్పుడు హైదరాబాదులో బడిపంతులమ్మను. చిన్నప్పుడు నా గుండెల్లో పిల్లికూతలు వినిపిస్తే చాలు, ఆ రోజు తిన్నదాని మీద నేరం పడేది. జామకాయ తిన్నావు, అరటిపండు తిన్నావు, వంకాయ తిన్నావు, రాత్రిపూట పెరుగు వేసుకున్నావు. ఏడాదికొకటి చొప్పున నా కంచంలోంచి వెళ్లిపోయాయి. ఒక మృగశిర కార్తెకు నాన్న నన్ను రైల్లో హైదరాబాదు తీసుకొచ్చి చేపమందు కూడా వేయించారు. గొంతులో కొరమీను పిల్ల కదిలిన సంగతి తప్ప నాకేమీ గుర్తు లేదు.

అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని కనుక, ఒక్క రక్తపరీక్షతో పడనివన్నీ తేలిపోతాయని ఎవరో చెప్పగానే నమ్మేశాను. బియ్యం మానేసి కొర్రలు, ఊదలు వండుకున్నాను. పప్పు మానేశాను. పెరుగు మాత్రం మానలేక వారానికి రెండుసార్లు, మా వారు నిద్రపోయాక, దొంగతనంగా తినేదాన్ని. మొదటి ఏడాదిలో ఆరు కిలోలు తగ్గాను. పిల్లికూతలు తగ్గలేదు.

ఆ తరువాత మా పిన్ని కూతురి పెళ్లి. విందులో రొయ్యల వేపుడు. మా వారు శాకాహారి, ఇంట్లో వండను, ఊరు వెళ్లినప్పుడే రొయ్యలు దొరికేది. పైగా పచ్చ గడి! రెండోసారి వడ్డించుకున్నాను. పావుగంటలో అరచేతులు దురద పెట్టాయి, పెదవులు మందమయ్యాయి, మెడ మీద దద్దుర్లు లేచాయి. తరువాత దగ్గు, ఆయాసం. ఇన్‌హేలర్ నాలుగుసార్లు పీల్చినా ఊపిరి అందలేదు. దగ్గరలోని ఆసుపత్రిలో తొడకు అడ్రినలిన్ సూది వేశాక కొద్ది నిమిషాల్లో గాలి ఆడింది. రాత్రంతా అక్కడే ఉంచారు.

"పెళ్లివారి పెరుగు పులిసిపోయింది, దానివల్లే," అని పెద్దమ్మ తేల్చేసింది. నేను పెరుగు ముట్టనే లేదు. అది ఎర్ర గడిలో ఉంది కదా.

హైదరాబాదు వచ్చాక అలర్జీ నిపుణురాలి దగ్గరకు వెళ్లాను. గర్వంగా నా కాగితం తీసి ముందు పెట్టాను. ఆవిడ చూసి, మడిచి, నాకే ఇచ్చేశారు. "ఇది ఐజీజీ పరీక్ష, రక్తంలో ఒక రకం యాంటీబాడీలను కొలిచేది. మీరు తరచుగా ఏం తింటారో చెబుతుంది, అంతే. రొయ్యలు అరుదుగా తింటారు, అందుకే పచ్చ," అన్నారు. ఆహార అలర్జీని తేల్చడానికి ఈ తరహా పరీక్ష పనికిరాదని ఐరోపా అలర్జీ నిపుణుల అకాడమీ 2008లోనే చెప్పిందట. నా ఆరు కిలోలు గుర్తొచ్చి కడుపు మండింది.

ఆ రోజు ఆవిడ ఒక్క పరీక్ష కూడా చేయించమనలేదు. ముప్పావుగంట ప్రశ్నలే. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, ఎన్ని నిమిషాలకు మొదలైంది, తిన్న ప్రతిసారీ వచ్చిందా? నాకు అప్పుడు తట్టింది: అంతకుముందు కూడా రొయ్యలు తిన్నప్పుడు రెండు మూడుసార్లు పెదవులు చిమచిమలాడాయి. మసాలా ఘాటనుకున్నాను. నిజమైన ఆహార అలర్జీ సాధారణంగా నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో బయటపడుతుందని, ఒంటి మీదో కడుపులోనో కూడా ఆనవాళ్లు ఉంటాయని, తిండి వల్ల కేవలం ఆయాసం మాత్రమే రావడం అరుదని ఆవిడ చెప్పారు. పోపు ఘాటుకు దగ్గు రావడం అలర్జీ కాదు, ఊపిరితిత్తులు చిరాకు పడటం.

ఒక నోటు పుస్తకం, ఊపిరి ఎంత వేగంగా వదలగలమో కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఇచ్చి మూడు వారాలు రాయమన్నారు. పొద్దున, సాయంత్రం ఊది అంకె వేయాలి, పక్కన తిన్నవన్నీ రాయాలి. దొంగ పెరుగు కూడా నిజాయితీగా రాశాను. పెరుగు తిన్న రాత్రికీ తినని రాత్రికీ అంకెలో తేడా లేదు. అంకె పడిపోయేది ఆదివారాలు, నేను పరుపులు దులిపి అటక సర్దే రోజున. ముప్పై ఏళ్లుగా పెరుగు మోసిన నేరం పరుపుదని అలా తెలిసింది.

అయినా అలర్జీని తేల్చే చర్మ పరీక్ష వెంటనే చేయలేదు. ముందు ఉబ్బసం అదుపులోకి రావాలన్నారు. ఉబ్బసం ముదిరి ఉన్నప్పుడు ఆహార అలర్జీ విరుచుకుపడితే ప్రాణం మీదికి వస్తుంది. నేను అన్నేళ్లూ ఆయాసం వచ్చినప్పుడు పీల్చే ఇన్‌హేలర్‌తోనే నెట్టుకొచ్చాను. రోజూ వాడవలసిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను అలవాటవుతుందనే భయంతో పక్కన పెట్టేశాను. ఆరు వారాలు సరిగ్గా వాడాక స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్షలో నా ఊపిరి ఉండవలసినదానిలో 82 శాతానికి వచ్చింది.

చర్మ పరీక్షకు వారం ముందు అలర్జీ మాత్ర సెటిరిజిన్ ఆపమన్నారు, ఇన్‌హేలర్ మాత్రం ఆపవద్దన్నారు. ఒక పచ్చి రొయ్య, ఒక వంకాయ ఇంటి నుంచే తెమ్మన్నారు. రొయ్య ఉన్న డబ్బాను మూడు సంచుల్లో చుట్టి మెట్రోలో పట్టుకెళ్లాను. మా వారు రెండు సీట్లు దూరంగా కూర్చున్నారు. ముంజేతి మీద పెన్నుతో గీతలు, గీతకొక చుక్క, చుక్కలో చిన్న గుచ్చు. రొయ్యను గుచ్చిన సూదితోనే చర్మాన్ని గుచ్చారు. పోల్చి చూడటానికి ఒకచోట ఏమీ చేయని ఉప్పునీరు, ఒకచోట దద్దు తెప్పించే హిస్టమిన్. పావుగంట గోకకూడదు. బడిలో పిల్లలను చేతులు కట్టుకోమనడం ఎంత క్రూరమో అప్పుడు అర్థమైంది.

పరుపు దుమ్ములో ఉండే ధూళి పురుగుల దగ్గర 9 మిల్లీమీటర్ల దద్దు, రొయ్య 7, బొద్దింక 5, వేరుసెనగ 4. పాలు, గుడ్డు, కందిపప్పు, వంకాయ దగ్గర ఏమీ లేదు. పరుపులోని పురుగుకూ రొయ్యకూ ఏమిటి చుట్టరికమని అడిగాను. రెండింటి కండరాల్లోనూ ట్రోపోమయోసిన్ అనే ప్రొటీను దాదాపు ఒకేలా ఉంటుందట, బొద్దింకలోనూ అంతే. వండినా, ఎండబెట్టినా అది చెడదు. కొందరికి రొయ్యలు ఉడికే ఆవిరి కూడా పడదు. రొయ్యల విషయంలో పెళ్లి విందే సాక్ష్యం కాబట్టి ఇంకో పరీక్ష అక్కరలేదు, రొయ్యలు ఇక వద్దన్నారు. గోదావరి జిల్లా ఆడపిల్లకు ఆ మాట ఎలా దిగిందో చెప్పను.

చిక్కంతా వేరుసెనగది. దద్దు వచ్చింది, కానీ ఎర్ర గడి వచ్చేదాకా జీవితమంతా ఇడ్లీలోకి పల్లీ చట్నీయే తిన్నాను, ఏమీ కాలేదు. చర్మం మీద పాజిటివ్ వచ్చినంత మాత్రాన తింటే పడదని కాదు, తినిపించి చూడాలన్నారు. ఆసుపత్రిలో చేతికి సూదిగొట్టం పెట్టి, అడ్రినలిన్ పళ్లెంలో సిద్ధంగా ఉంచి, గింజలో చిటికెడుతో మొదలుపెట్టారు. ప్రతి అరగంటకు మోతాదు పెంచుతూ, ప్రతిసారీ బీపీ, చర్మం, ఛాతీ చూశారు. మూడో మోతాదుకు గొంతు బిగుసుకుపోయింది. "వచ్చేసింది," అన్నాను, కళ్లలో నీళ్లు. నర్సమ్మ కంగారు పడకుండా పీక్ ఫ్లో మీటర్ చేతికిచ్చి ఊదమంది. పొద్దుటి అంకే వచ్చింది. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ ఊదించారు, మళ్లీ అదే. బిగించింది వేరుసెనగ కాదు, ఎర్ర గడి. చివరకు గుప్పెడు పల్లీలు తిని, రెండు గంటలు కూర్చుని ఇంటికొచ్చాను.

ఇప్పుడు నా సంచిలో రెండు అడ్రినలిన్ ఆంప్యూళ్లు, సిరంజిలు, "తొడ బయటివైపు, 0.5 మి.లీ." అని డాక్టరుగారు రాసిచ్చిన చీటీ ఉంటాయి. దానంతట అదే గుచ్చుకుని మందు ఎక్కించే పెన్ను ఇక్కడ సులువుగా దొరకదు. మా వారు నీళ్లు నింపిన సిరంజితో స్పాంజి మీద సాధన చేశారు. పరుపుకూ దిండ్లకూ పురుగు చొరని తొడుగులు వేశాం, దుప్పట్లు వారానికోసారి వేడినీళ్లలో ఉతుకుతున్నాం.

మొన్న ఊరు వెళితే అమ్మ రొయ్యల పొయ్యిని పెరట్లోకి మార్చింది, నన్ను వీధి అరుగు మీద కూర్చోబెట్టింది. నాకోసం ఆనపకాయ కూర చేస్తానంది, వంకాయ పడదు కదా అని. పడుతుందని తేలిందని చెప్పేశాను. నిజానికి చిన్నప్పుడు వంకాయ ఇష్టం లేకే ఆయాసం వస్తోందని చెప్పేదాన్ని. అది కూడా చెప్పేశాను. అమ్మ నా వైపు ఒక్క చూపు చూసి, లోపలికెళ్లి కంచంలో రెండు గుత్తివంకాయలు వేసుకొచ్చింది.