పాత లగ్జరీ ఎస్‌యూవీ, మిగిలిపోయిన రీకాల్
హ్యూస్టన్‌లో మా తమ్ముడు సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ కొన్నాడు. ఎయిర్ సస్పెన్షన్ లీకై, తెల్లారేసరికి బండి ఓ పక్కకి కుంగిపోయి ఉంటోంది. అది డబ్బుతో పోయే బాధ. నాకు భయం వేసింది మాత్రం, విండ్‌షీల్డ్ కింద కనిపించే 17 అక్షరాల విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొట్టినప్పుడు. ఎయిర్‌బ్యాగ్ రీకాల్ (లోపమున్న భాగాన్ని బాగుచేస్తామని కంపెనీ బండ్లను వెనక్కి పిలవడం) ఇంకా పెండింగ్!

ఎయిర్‌బ్యాగులు తయారుచేసిన జపాన్ కంపెనీ టకాటా వ్యవహారంలో ఏం జరిగిందో తెలిసిందే. ఎయిర్‌బ్యాగ్‌ని ఉబ్బించడానికి వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకీ పాడై, అది ఉండే లోహపు డబ్బా (ఇన్‌ఫ్లేటర్) పగిలి లోహపు ముక్కలు మొహంలోకి దూసుకొచ్చాయి. హ్యూస్టన్‌లో వేడికీ తేమకీ ఏం తక్కువ?

రీకాల్ రిపేరు ఉచితమే. కానీ అది చేయించాకే పాత కారు అమ్మాలని డీలర్లకు ఫెడరల్ చట్టం చెప్పదు. పెద్ద అద్దె కార్ల కంపెనీలకు మాత్రం 2016 నుంచి ఆ నిబంధన ఉంది. ఇదెక్కడి న్యాయమండీ? వెనక సీట్లో పిల్లలు కూర్చునే బండి!

గురువారానికి అపాయింట్‌మెంట్ దొరికింది. అప్పటిదాకా వాణ్ణి ఆఫీసుకి నేనే దింపుతున్నాను. పాత కార్లు కొన్నవాళ్లు ఈ రోజే మీ విన్ ఒకసారి చూసుకోండి.