ఆ వీధికి తేదీయే పేరు

పదకొండు దాటింది. మా ఆయన అప్పుడే గురక పెడుతున్నారు. చిన్నది పక్కగదిలో ఫోన్‌లో ఎవరితోనో గుసగుసలాడుతోంది. పిక్కలు లాగేస్తున్నాయి, నేనూ పడుకోవాలి. కానీ పొద్దున ఆ ఎత్తు వీధిలో జరిగిన చిన్న సంగతి ఒకటి మనసులోంచి పోవడం లేదు. రాస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

మేం పోర్చుగల్‌లో ఈ పోర్టో ఊరికి వస్తున్నామని చిన్నది ముందే ఒక వాకింగ్ టూర్ బుక్ చేసి పెట్టింది. "అమ్మా, ఇది నీ కోసమే. పోర్టో చేసిన తిరుగుబాట్లన్నీ నడుచుకుంటూ చెప్తారు" అంది. నాకు నచ్చింది, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇక కింద రాయబోయేదంతా చిరాకే.

పదింటికి ప్రాసా ద లిబెర్దాద్ అనే చౌకులో, ఒకప్పటి పోర్చుగల్ రాజు నాలుగో పెద్రో గుర్రం మీద కూర్చున్న విగ్రహం కింద చేరాం. పద్నాలుగు మందిమి. గైడ్ ముప్పై కూడా దాటని అమ్మాయి, చేతిలో పచ్చ గొడుగు, గొంతు ఖంగుమంటోంది. ఆ చౌకులోనే 1829లో ఉరికంబాలు వేసి పన్నెండు మందిని ఉరితీశారట. రాజ్యాంగాన్ని పక్కన పెట్టేసి గద్దె ఎక్కిన మిగెల్ మీద అంతకుముందు ఏడాది ఈ ఊరు తిరగబడింది. అది అణిగిపోయింది. పట్టుబడ్డవాళ్ళకి ఈ శిక్ష. ఇప్పుడక్కడ బ్యాంకులు, హోటళ్ళు, ఫోటోలు దిగేవాళ్ళు. నేను కింద పరిచిన రాళ్ళకేసి చూస్తూ నిలబడ్డాను. "ఎక్కడ, సరిగ్గా ఎక్కడ?" అని అడగాలనిపించింది. అడిగేలోపే కథ పెద్రో గుండెకాయ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ గుండె కథ పావుగంట నడిచింది. పెద్రో అంటే మిగెల్‌కి అన్నే. 1822లో బ్రెజిల్‌కి స్వాతంత్ర్యం ప్రకటించినవాడు. తొమ్మిదేళ్ళ తరవాత అక్కడి సింహాసనం వదులుకుని, పోర్చుగల్ గద్దె మీద కూతురి హక్కు కోసం తమ్ముడి మీదికి సైన్యంతో వచ్చాడు. 1832 జూలై 9న పోర్టోలో అడుగుపెట్టాడు. వెంటనే మిగెల్ సైన్యం ఊరిని చుట్టుముట్టింది. ఏడాదికి పైగా ముట్టడి. ఫిరంగి గుండ్లు, ఆకలి, దానికి తోడు కలరా. ఊరు లొంగలేదు. అందుకే దీనికి 'ఇన్విక్తా' అని బిరుదు. ఓటమి ఎరుగనిది అని అర్థం. 1834లో చనిపోతూ పెద్రో తన గుండెని ఈ ఊరికి రాసిచ్చాడు. ఇప్పటికీ లాపా చర్చిలో ఉంది, తియ్యాలంటే ఐదు తాళంచెవులు కావాలి. 2022లో బ్రెజిల్ స్వాతంత్ర్యానికి రెండువందల ఏళ్ళని విమానంలో అక్కడికి తీసుకెళ్ళి, చూపించి, తిరిగి తెచ్చి పెట్టారు.

మంచి కథే, కాదనను. ఏడాదిపాటు తనతో పాటు ఆకలితో ఉన్న ఊరికి ఒక మనిషి ఇంతకంటే ఏం ఇస్తాడు? గుంపంతా నోరు తెరుచుకుని వింది. ఒక్క పెద్దమనిషి మాత్రం పోర్ట్ వైన్ రుచి చూపించే చోటికి ఎప్పుడెళ్తామని మూడుసార్లు అడిగాడు. మూడోసారి నేను ఆయనకేసి తిరిగి చూశాను కూడా. చిన్నది నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

తరవాత అసలు చోటికి వచ్చాం. చౌకు నుంచి తిన్నగా మీదికి ఎక్కే వీధి. పైన సాంతు ఇల్దిఫోన్సు చర్చి, నీలం బొమ్మల పెంకులు అతికించిన గోడలతో, మెట్లతో కనిపిస్తుంది. వీధి పేరు 31 జనవరి. మనిషి పేరు కాదు, దేవుడి పేరు కాదు, ఒట్టి తేదీ. ఈ ఊళ్ళో ఇదొక్కటే కాదు, నిన్న మెట్రోలో వస్తుంటే 24 ఆగస్టు అని ఒక స్టేషన్ వచ్చింది. 1820లో ఆ రోజున ఇక్కడి సైనికులే మొదలుపెట్టిన విప్లవం వల్ల పోర్చుగల్‌కి మొదటి రాజ్యాంగం వచ్చింది. అది సరే, గెలిచిన రోజు. మరి 31 జనవరి?

1891. తెల్లవారకముందే సార్జెంట్లు, మామూలు సిపాయిలు బారకాసుల్లోంచి బయటికి వచ్చారు. పెద్ద అధికారులు దాదాపు ఎవరూ లేరు. పాటలు పాడుకుంటూ చౌకులోకి వచ్చారు. అక్కడ అప్పట్లో ఉన్న మునిసిపాలిటీ భవనం బాల్కనీ మీంచి అల్వెస్ ద వైగా అనే ప్లీడరు, రాజరికం పోయింది, రిపబ్లిక్ వచ్చిందని చదివి వినిపించాడు. జనం కలిశారు. పైనున్న తపాలా, తంతి ఆఫీసు పట్టుకుందామని అందరూ కలిసి ఈ వీధి ఎక్కారు. సంబరంగానే ఎక్కి ఉంటారు. చర్చి మెట్ల మీద మునిసిపల్ గార్డు కాచుకుని ఉంది. పైనుంచి కాల్పులు. ఇలాంటి వీధిలో పైనున్నవాడి తుపాకీకి కిందివాడు ఎక్కడ దాక్కుంటాడు? పన్నెండు మంది చనిపోయారు, నలభై మందికి గాయాలు. తరవాత సముద్రంలో ఆగి ఉన్న ఓడల మీదే విచారణలు జరిపి, రెండువందల మందికి పైగా శిక్షలు వేశారు.

ఇదంతా నేను రాత్రి కూర్చుని చదువుకున్నది. గైడ్ చెప్పింది రెండు నిమిషాలు. గుండెకి పావుగంట, వీళ్ళకి రెండు నిమిషాలు. మా ఆయన, పాపం మామూలుగానే, "ఇంతకీ గెలిచారా?" అని అడిగారు. ఆ అమ్మాయి, "లేదు, మధ్యాహ్నం భోజనం వేళకి అంతా అయిపోయింది" అంది. కొందరు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

సరిగ్గా అప్పుడే ఆ పెద్దావిడ వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి. చేతిలో కూరల సంచి, మోకాలి నొప్పేమో ఒక పక్కకి ఒరిగి నడుస్తోంది. మా గుంపు దగ్గర ఆగి గైడ్‌తో పోర్చుగీసులో ఏదో అంది. చిన్నది నా చెవిలో చెప్పింది: "ఇది సాంతో ఆంటోనియో వీధి. మా ఇంట్లో అందరం అలాగే అనేవాళ్ళం అంటోందమ్మా." గైడ్ ఆవిడకేసి నవ్వి, తలూపి, మావైపు తిరిగి ఇంగ్లీషులో, పాతకాలం వాళ్ళకి నియంతృత్వం నాటి అలవాట్లు పోలేదని చెప్పింది. ఆవిడకి ఇంగ్లీషు వచ్చో రాదో నాకు తెలియదు. ఒక క్షణం నిలబడి, సంచి చెయ్యి మార్చుకుని ఎక్కడం మొదలుపెట్టింది. మేం గొడుగు వెనక నడిచాం.

గైడ్ చెప్పింది తప్పు కాదు. ఆ వీధి అసలు పేరు సాంతో ఆంటోనియో. 1910లో రాజు పోయి రిపబ్లిక్ వచ్చాక 31 జనవరి అన్నారు. నియంత సలజార్ కాలంలో మళ్ళీ పాత పేరు వచ్చింది. తిరగబడ్డ రోజుని వీధి మొదట్లో బోర్డు మీద రాసి పెట్టుకోవడం ఏ నియంతకి నచ్చుతుంది? నియంతృత్వం కూలిన 1974 ఏప్రిల్ 25 తరవాత మళ్ళీ 31 జనవరి. అప్పుడు నేను మనసులో గైడ్ పక్షమే. ఓడిపోయిన సిపాయిల తేదీని జనం పోరాడి తెచ్చుకుంటే ఈవిడ దాన్ని చెరిపేస్తోందేమిటి అనుకున్నాను.

అసలు ఈ టపా మొదలుపెట్టింది గైడ్ తొందరపాటు మీద ఫిర్యాదు రాద్దామని. ఇక్కడిదాకా వచ్చాక తెలిసింది, నన్ను గుచ్చుతున్నది అది కాదు.

నాన్న మిల్లులో సమ్మె జరిగినప్పుడు నేను మూడో తరగతి. ఎప్పుడూ రాయలేదు కదా ఇక్కడ. బోనస్ దగ్గర మొదలైంది. కొన్ని వారాలు పోయాక గేటుకి తాళం వేశారు. నాన్న రోజూ షిఫ్టుకి వెళ్ళినట్టే టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళేవాడు. ఒక సాయంత్రం తలకి కట్టుతో వచ్చాడు. ఏమైందని మేం అడగలేదు, అమ్మ అడగనివ్వలేదు. కిరాణా కొట్టాయన ఖాతా ఆపేశాడు. అమ్మ కుట్టుమిషను అద్దెకి తెచ్చి రాత్రిళ్ళు జాకెట్లు కుట్టేది. ఆ మిషను చప్పుడులోనే మేం నిద్రపోయేవాళ్ళం. హుక్కులు కుట్టడం అక్క పని, దారం కొసలు కత్తిరించడం నా పని. చారు, మజ్జిగ, చారు, మజ్జిగ. నాలుగు నెలలు. చివరికి గేటు తెరిచారు. నాన్నతో పాటు కొందరిని మాత్రం లోపలికి రానివ్వలేదు. తరవాత నాన్న ఒక సైకిల్ షాపులో లెక్కలు రాసేవాడు. బతికినన్నాళ్ళూ ఆ మిల్లు రోడ్డు మీద నడవలేదు, చుట్టూ తిరిగి వెళ్ళేవాడు.

అమ్మ ఆ నాలుగు నెలలని 'మీ నాన్న గొడవ' అనేది. "ఆ గొడవప్పుడు మీ అక్కకి జ్వరం", "ఆ గొడవ ముందు కొన్న బిందె ఇది." మా ఇంట్లో కాలానికి అదే గుర్తు.

నేను డిగ్రీలో ఉండగా పిన్ని కూతురి పెళ్ళిలో, పంక్తిలో కూర్చుని ఉన్నాం. అమ్మ ఎవరితోనో మాటల్లో "ఆ గొడవప్పుడు" అంది. నేను అందరి ముందూ, "గొడవ కాదమ్మా, సమ్మె. కనీసం ఆ మాటైనా సరిగ్గా అను" అన్నాను. కాలేజీలో ఏవో పుస్తకాలు చదివి ఉన్నాను, నాన్న తరఫున మాట్లాడుతున్నానని అనుకున్నాను. అమ్మ చెయ్యి విస్తరి మీద ఆగిపోయింది. నాన్న ఎదురు పంక్తిలో ఉన్నాడు, విన్నాడు. గ్లాసెత్తి నీళ్ళు తాగాడు, అంతే. ఆ తరవాత అమ్మ నోట గొడవ అన్న మాట రాలేదు. సమ్మె అన్న మాటా రాలేదు. "ఆ రోజుల్లో" అనడం మొదలుపెట్టింది.

గేటు దగ్గర నిలబడింది నాన్నయితే, ఆ నాలుగు నెలలూ కుట్టింది అమ్మ. పేరు పెట్టుకునే హక్కు ఆవిడకి లేదా?

పొద్దున ఆ పెద్దావిడ సంచి చెయ్యి మార్చుకున్నప్పుడు నాకు అమ్మ చెయ్యి గుర్తొచ్చింది. అప్పుడు గుర్తొచ్చిందని కూడా తెలియలేదు, ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. చిన్నది లెక్క కట్టి చెప్పింది, ఆవిడ పుట్టేసరికి ఆ వీధి సాంతో ఆంటోనియోనే. ఆవిడకి అది సలజార్ పెట్టిన పేరు కాదు. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని నడిచిన వీధి పేరు.

మళ్ళీ వెంటనే ఇంకోటి తోస్తోంది. మిల్లు వాళ్ళు కూడా గొడవ అనే అన్నారు కదా. గేటు మీద నోటీసులోనూ, సైకిల్ షాపు యజమాని దగ్గరా, "గొడవ చేసినవాడు" అనే అన్నారు. అమ్మ మాటా వాళ్ళ మాటా ఒకటే. ఎలా వేరు చేసుకోవాలో నాకు అర్థం కావడం లేదు. బోర్డు మీద తేదీ ఉండాల్సిందే, అది మాత్రం నాకు గట్టిగా ఉంది. తమది ఓటమి ఎరగని ఊరని చెప్పుకునేవాళ్ళు, ఒక్క పూటలో ఓడిపోయిన సిపాయిల రోజుని అందరూ నడిచే వీధికి పేరుగా పెట్టుకున్నారు. ఇది నాకు గుండె కథ కన్నా పెద్దది.

ఆ సిపాయిల కోపంలో నాకు మింగుడు పడనిది కూడా ఒకటుంది. ఆఫ్రికాలో అంగోలాకీ మొజాంబిక్‌కీ మధ్య ఉన్న నేలంతా తమదేనని పోర్చుగల్ అంటే, 1890 జనవరిలో బ్రిటన్ తప్పుకోమని హుకుం వేసింది. రాజు తలొంచాడు. ఆ అవమానం నుంచే ఈ తిరుగుబాటు రాజుకుంది. అంటే ఇంకొకళ్ళ నేల చేజారిందన్న కోపం. గోవాని 1961 దాకా వదలని దేశం ఇది, ఆ సంగతి మర్చిపోయి చప్పట్లు కొట్టలేను. అయినా ఆ వీధి మధ్యలో పడిపోయిన పన్నెండు మంది నాకు పరాయివాళ్ళలా అనిపించలేదు.

టూర్ తరవాత జైలు భవనం చూశాం, ఇప్పుడది ఫోటోగ్రఫీ మ్యూజియం. తరవాత నది. కాల్చిన చెస్ట్‌నట్ కాయల పొగ వాసన. మా ముగ్గురికీ రొట్టె, చీజు, సూపు. చెప్పుకోదగ్గ సంతోషం ఒకటుంది: పొద్దున ఇంటి ఓనరమ్మ "తువాల్య" అంటూ తెల్లటి తువాలు చేతిలో పెట్టింది. తువాలు! ఆ మాట మనకి వచ్చింది వీళ్ళ దగ్గర్నుంచేనట. మేమిద్దరం ఒకే మాట పట్టుకుని నవ్వుకున్నాం.

గైడ్‌కి కూడా నేను అన్యాయం చేసినట్టున్నాను. టూర్ అయ్యాక చివర్లో మా దగ్గరికి వచ్చి, "మీరు ఒక్కరే నేలకేసి చూశారు, అక్కడ ఉరికంబం చోటు గుర్తించడానికా?" అని అడిగింది. అవునన్నాను. రోజుకి రెండు టూర్లు, ఇచ్చేది టిప్పులే, గుండె కథ చెప్పకపోతే జనం మధ్యలోనే వెళ్ళిపోతారని చెప్పింది. ఆ పెద్దావిడ గురించి నువ్వు అలా మాట్లాడి ఉండాల్సింది కాదని ఆ అమ్మాయితో అందామనుకున్నాను, నోరు రాలేదు. పంక్తిలో అమ్మని నేను అన్న మాట నాకు అడ్డొచ్చినట్టుంది.

ఇందాకటి నుంచీ ఒకటే తొలుస్తోంది. నాన్న సమ్మె ఏ తేదీన మొదలైంది? నాకు తెలియదు. నెల కూడా తెలియదు. ఎండలా, వానలా? అమ్మ మిషను దగ్గర లాంతరు గుర్తుంది, అక్క వేలికి సూది గుచ్చుకోవడం గుర్తుంది, తేదీ లేదు. అమ్మని పంక్తిలో దిద్దినదాన్ని, ఆ ఒక్కటీ అడిగి పెట్టుకోలేదు.

అక్కకి మెసేజ్ పెట్టాను. "అమ్మ లేచాక నెమ్మదిగా ఒకటి అడుగు. నాన్న సమ్మె ఏ నెలలో, ఏ తేదీన" అని రాసి, చెరిపేశాను. "నాన్న గొడవ ఎప్పుడు మొదలైందో అడుగు" అని పంపాను.

ఇక్కడ పన్నెండు, అక్కడ నాలుగున్నర. ఐదింటికి పాలబ్బాయి వస్తాడు, అక్క లేస్తుంది.