నేరం ఒప్పుకున్నాక అప్పీలుకు దారి ఉందా?

"ఫైను కట్టేస్తే ఈ రోజుతో కేసు అయిపోతుంది" అన్న మాట నమ్మి మెజిస్ట్రేటు ఎదుట తలూపి వచ్చినవారు, ఉద్యోగం కోసం జరిగే పోలీసు వెరిఫికేషన్‌లో ఆ శిక్ష బయటపడ్డాక అప్పీలు గురించి అడుగుతుంటారు. చట్టంలో దొరికే జవాబు చాలావరకు నిరాశ కలిగించేదే. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 416వ సెక్షన్ (2024 జూలై 1కి ముందు అమల్లో ఉన్న సీఆర్‌పీసీలో 375) ప్రకారం, నేరం ఒప్పుకున్నందువల్ల సెషన్స్ కోర్టు గానీ మెజిస్ట్రేటు గానీ శిక్ష వేస్తే, ఆ శిక్ష ఎక్కువైందనో చట్టబద్ధం కాదనో మాత్రమే అప్పీలు చేసుకోవచ్చు. హైకోర్టే వేస్తే ఆ మాత్రం అవకాశం కూడా లేదు.

అయితే జరిగింది నిజంగా నేరాంగీకారమేనా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. నా దృష్టిలో అసలు వాదనంతా దానిమీదే నడవాలి. సమన్సు కేసుల్లో (చిన్న నేరాల కేసుల్లో) నిందితుడి జవాబును వీలైనంతవరకు అతడు పలికిన మాటల్లోనే నమోదు చేయాలని అదే సంహితలోని 275వ సెక్షన్ చెబుతోంది. "కొట్టిన మాట నిజమే, కానీ ముందు కత్తి తీసింది వాడే" అన్న మనిషి ఆత్మరక్షణ చెప్పుకుంటున్నాడు. అందులో మొదటి సగం తీసుకుని "ఒప్పుకున్నాడు" అని రాసేస్తే అది నేరాంగీకారం కాదు. అందుకే ముందుగా తీర్పుతో పాటు ఆ జవాబు నమోదైన కాగితానికి కూడా సర్టిఫైడ్ కాపీ తీయించాలి. ఆరోపణను అర్థమయ్యే భాషలో వివరించారా, న్యాయవాది పక్కన ఉన్నాడా అన్నవి ఆ తర్వాత చూడాలి.

సెషన్స్ కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులు, హైకోర్టులో 60. కాపీకి పట్టిన రోజులు ఇందులో లెక్కకు రావు. రివిజన్‌కు, అంటే కింది కోర్టు ఉత్తర్వు సరైనదేనా అని పైకోర్టును పరిశీలించమనడానికి, 90 రోజులుంటాయి. ప్లీ బార్గెయినింగ్ (తక్కువ శిక్షకు బదులుగా నేరం ఒప్పుకునే ఒప్పందం) దారి వేరు: 295వ సెక్షన్ దానిపై అప్పీలును మూసేసి, రాజ్యాంగంలోని 136వ అధికరణ కింద సుప్రీంకోర్టుకు, 226, 227 కింద హైకోర్టుకు వెళ్లే దారులను మాత్రమే మిగిల్చింది.

ఒప్పుకోలు చెల్లదని పైకోర్టు అంగీకరించినా సాధారణంగా కేసు కొట్టివేయరు, మళ్లీ విచారణకు పంపుతారు. తేలికగా వదిలేస్తామని ఆశపెట్టి ఒప్పించి, పైకోర్టులో శిక్ష పెంచడం రాజ్యాంగంలోని 21వ అధికరణకు (ప్రాణానికి, వ్యక్తిగత స్వేచ్ఛకు రక్షణ) విరుద్ధమని 1980ల తొలినాళ్లలో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు కూడా, అలాంటి కేసుల్లో సరైన మార్గం తిరిగి విచారించడమేనంది. కాబట్టి చిన్న జరిమానాతో ముగిసిన కేసును తిరగదోడేముందు, సాక్షులు వచ్చి చెబితే ఏమవుతుందో న్యాయవాదితో కూర్చుని తేల్చుకోవాలి.